కాలని అంగీ

“వాత పెట్టింది. మెడకు తాడు బిగించింది. తలుపులేసుకొని తానే కడిగి బొంద పెట్టించింది. ఇంక మీకేం కావాలె, ప్రభాకర్ సాబ్?”

అమీను యూసుఫ్ అలీ గుడిసె గుమ్మంలో నిలబడి టోపీతో విసురుకుంటూ అడిగాడు. చేవెళ్ల ఠాణా ఆయనది, కేసు ఆయనది, నేరస్థురాలిని పట్టుకున్న ఘనత కూడా ఆయనదే. నేను పట్నం నుంచి కిరాయికి వచ్చిన డిటెక్టివును. ఆయన లెక్కలో పిలవని పేరంటానికి వచ్చినవాణ్ణి.

“అంగీ కావాలె,” అన్నాను.

“ఏ అంగీ?”

“పాణం పోయినప్పుడు ముసలాయన ఒంటి మీద ఉన్నది.”

జవాను మూట విప్పి ఇచ్చాడు. తెల్ల మల్లు అంగీ. దాన్ని గుడిసె బయటికి తెచ్చి ఎండలో పరిచాను.

ఇక్కడ కేసు సంగతి చెప్పాలి. చనిపోయింది సాముయేలు అయ్య. డెబ్బై దాటిన మనిషి. ఎంకపల్లిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నలభై ఏళ్లు వాక్యం చెప్పాడు. ఇంట్లో ఉండేది ఆయన, మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన కూతురు ప్రేమమ్మ, ఇద్దరే. ఈ ఏడు ఈస్టరుకు ముందు శ్రమ దినాలు మొదలవగానే ముసలాయన ఇల్లు విడిచి పొలంలో ఉన్న ఈ గుడిసెకు మారాడు. ఉపవాస ప్రార్థనలో ఉన్నాడని ఊరు చేతులు జోడించింది. గుడిసెకు బాగా ఎడంగా ఒక బండ ఉంది. కూతురు అన్నం తెచ్చి ఆ బండ మీద పెట్టి వెళ్లిపోవాలి. అంతకన్నా దగ్గరికి రావద్దని ఆయన ఆజ్ఞ. మట్టల ఆదివారం ముందురోజు బండ మీది అన్నం కాకులు తిన్నాయి. ప్రేమమ్మ ఆజ్ఞ మీరి గుడిసెలోకి పరుగెత్తింది. అప్పటికే అంతా అయిపోయింది.

మగవాళ్ల శవాన్ని సంఘంలోని మగవాళ్లే కడగడం అక్కడి పద్ధతి. ప్రేమమ్మ సంఘం పెద్ద శాంతయ్యతో సహా అందరినీ బయటికి పంపి, గడియ వేసుకొని ఒక్కతే కడిగింది. దాంతో గుసగుసలు పుట్టాయి. అవి ఠాణా దాకా పోయాయి. అమీను పైనుంచి హుకుం తెచ్చి సమాధి తవ్వించాడు. సర్కారు డాక్టరు వచ్చి చూశాడు. కుడి రొమ్ము మీద అరచేయంత నల్లటి పుండు, ఎముక కనబడేంత లోతు. రెండు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. మెడ మీద సన్నటి గీత.

శాంతయ్య పట్నంలో నా గదికి వచ్చి, “ఆ పిల్ల గసుంటి పని చెయ్యది సారూ,” అని ఒక్క మాట చెప్పి, మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చున్నాడు. కాదనలేకపోయాను. నిన్న వచ్చి రోజంతా ఈ గుడిసెలో, సమాధి దగ్గర గడిపాను. నా ప్లేటు కెమెరాతో ఫొటోలు తీశాను. చేవెళ్ల ముసాఫిర్‌ఖానాలో ఒక గది కిటికీలు మూయించి వాటిని కడుక్కున్నాను. అన్నీ శుభ్రంగా వచ్చాయి. వాటిలో పనికొచ్చేది ఒక్కటీ లేదు.

“చూడుండ్రి,” అన్నాను అంగీ మీద వేలు పెట్టి. “ఎక్కడన్న కాలిందా?”

“వాత పెట్టేటప్పుడు అంగీ ఇప్పుతరు. ఇది చిన్న పోరగాళ్లకు గూడ తెలుసు.”

“సరే. ఇప్పి కాల్చి మళ్ల తొడిగిండ్రు అనుకుందాం. అప్పుడు చీము మరక ఒక్కటే పడాలె. ఇక్కడ మరక మీద మరక ఉన్నది. ఉతికితే వెలిసినవి కొన్ని, ఉతకనివి కొన్ని. ఇది ఒక్కనాటి పుండు గాదు అమీన్ సాబ్. వారాల సంది లోపలికి తిన్నది.”

“అయితే వారాల సంది వాతలు పెట్టింది.”

“ఎక్కడ కాల్చి? గుడిసెల పొయ్యి లేదు, బూడిద లేదు, ఇనుప ముక్క లేదు. నులక మంచం, నీళ్ల కుండ, లాంతరు, బైబిలు, ఉమ్మడానికి ఇసుక పోసిన మూకుడు. నిప్పు ఊర్ల ఉన్నది. ఎర్రగ కాల్చిన గరిటె పట్టుకొని ఆమె పొలాలెంబడి ఉరికొచ్చిందా?”

అమీను మూతి బిగించాడు. మొండివాడే గానీ మూర్ఖుడు కాదు. అందుకే ఆయనంటే నాకు చిరాకు, కొంచెం గౌరవం కూడా.

“మరి మెడ మీది గీత?” అన్నాడు, జేబులోంచి శవం ఫొటో తీసి నా ముందు పెట్టి.

“ఉరి బిగిస్తే గొంతు మీద ఉండాలె. ఇది ఎనక దిక్కే ఉన్నది. ముందల లేనే లేదు.” అంగీ మెడపట్టీ లోపలి వైపు తిప్పి చూపించాను. అక్కడ కూడా అదే గీత, రాసుకొని రాసుకొని నల్లబడిన గీత. “మెడల దారం ఉండె. దానికి ఏదో కట్టి ఉండె. అది సరిగ్గ పుండు ఉన్న కాడికే వేలాడింది. ఇప్పుడు దారం లేదు, కట్టింది లేదు.”

యూసుఫ్ అలీ పకపకా నవ్వాడు. “సాముయేలు అయ్య మెడల దారమా! ఊరూరు తిరిగి తాయెత్తులు తెంపిచ్చిన మనిషి సాబ్ ఆయన. ఈ మాట ఎంకపల్లిల అనుండ్రి, చెప్పులతోని తోలుతరు.”

నిజమే. నాకూ అదే అంతుపట్టలేదు.

ప్రేమమ్మ ఆ బండ దగ్గర జవాను కాపలాలో కూర్చొని ఉంది. నలభై దగ్గర పడ్డ మనిషి. ఏడ్చి ఏడ్చి ఆపేసిన ముఖం. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“బాపుకు ఏం రోగం, అమ్మా?”

“దగ్గు. నెత్తురు పడుతుండె. మొయినాబాద్ తోటల సాలోమోను డాక్టర్ ఉన్నడు గదా, ఆయన చూసి ఛాతిల గడ్డ ఉన్నదన్నడు. మైనం పట్టీల ఏందో పెట్టి రొమ్ముకు కట్టిండు, దినానికి కొంచెం సేపు. నెత్తురు ఆగింది. క్రిస్మస్ కు గుడిల నిలవడి పాట గూడ పాడిండు బాపు. పండుగ పోయినంక మళ్ల దగ్గు మొదలైంది. బుక్క మింగితే గొంతు మండుతుండె.”

“పక్కటెముకలు ఎట్ల ఇరిగినయి?”

“నాకేం తెల్సు? నన్ను దగ్గరికి రానిస్తే గదా.”

“శవాన్ని ఒక్కదానివే ఎందుకు కడిగినవు?”

“నా బాపు. నేను కడుక్కున్న.”

“మెడల ఏముండె?”

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న మనిషి చటుక్కున తలెత్తింది. “ఏం లేకుండె! నా బాపు మెడల ఏం లేదు. సిలువ గూడ ఏసుకోలే. ఎవలన్నరు? ఎవలన్నరో తోలుకరాండ్రి నా ముందటికి!”

ఖూనీ నేరం మోపినా ఉలకని మనిషి దారం సంగతి ఎత్తగానే భగ్గుమంది. ఇంకో ప్రశ్న వేసేవాణ్ణే, అమీను అడ్డం వచ్చాడు.

“బస్. మిగతావి ఠాణాల అడుగుదాం. బండి ఎక్కియ్యి.”

ఇన్నాళ్లూ ఆమెను ఇంట్లోనే కాపలా పెట్టి ఉంచాడు. ఆడమనిషి ఒంటి మీద చెయ్యి వేసి సోదా చేసే పద్ధతి ఆయనకు లేదు, చేసేందుకు ఠాణాలో ఆడవాళ్లూ లేరు. అమీను సైకిలెక్కి ముందు పోయాడు. ఎడ్లబండిలో నేను, ఆమె, కునికిపాట్లు పడుతున్న జవాను.

కనకమామిడి దాటాక బాట మరీ గుంతలు. నా సంచి ఎగిరెగిరి పడుతోంది. అందులో కెమెరా, ఇంకా విప్పని కొత్త ప్లేట్ల డబ్బా ఉన్నాయి.

“గాజు సామానా?” అని అడిగింది ప్రేమమ్మ.

“ఫొటో పలకలు.”

“పలుగుతయి. ఇటియ్యుండ్రి.”

సంచిని ఒళ్లో పెట్టుకొని, పట్టీకి ఇత్తడి బక్కిలున్న వైపును రొమ్ముకు ఆనించుకొని, చేవెళ్ల దాకా రెండు చేతులా పట్టుకొని కూర్చుంది. ఖూనీ కేసులో పోతున్న మనిషి ముక్కూ మొహం తెలియనివాడి గాజు పలకల కోసం అంత అవస్థ పడుతుంటే నాకు సిగ్గేసింది.

“మీకెవ్వరున్నరు సారూ?”

“ఎవ్వరు లేరు. అమ్మ పోయినంక ఒక్కణ్ణే.”

“ఒక్కలుంటే రందితోని బువ్వ సయించది,” అంది. మళ్లీ తనే చెప్పింది. “బాపు గుడిసెకు పోయినంక ఇంట్ల పొయ్యి ముట్టిస్తే ఏదో లెక్కయితుండె. వండి బండ మీద పెట్టి, ఆ తుమ్మచెట్టు కాడికి పోయి చూస్తుంటి. బాపు వచ్చి గిన్నె తీస్కొని, నా దిక్కు చెయ్యి ఊపి లోపలికి పోతుండె. ఏం తప్పు జేసిన బాపూ అని ఆడి సంది కేకేస్తుంటి. నీ తప్పు గాదు బిడ్డా, దూరం పో, అంటుండె. గంతే.”

పట్నంలో నా గదిలో రెండు కంచాలున్నాయి, ఒకటి కడిగే పని పడి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆమెతో అనలేకపోయాను.

చేవెళ్లలో ఆమెను ఠాణాలో దింపి, నేను మొయినాబాద్ బస్సెక్కాను. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై బస్సులు బొగ్గు పొగ మీద నడుస్తున్నాయి. చిన్న ఎత్తు వచ్చినా అందరం దిగి తొయ్యాలి. టిక్కెట్టు మాత్రం కూర్చున్నవాడి టిక్కెట్టే.

డాక్టరు సాలోమోను ఇల్లు జామతోట మధ్యలో ఉంది. మద్రాసులో చదివి వచ్చిన మనిషి. కరెంటు లేని చోట కూడా రేడియంతో వైద్యం చెయ్యవచ్చని ఇక్కడ స్థిరపడ్డాడు. యాభై దాకా ఉంటాయి. ఆ ఎండలో చేతులకు తొడుగులు. సంచిలో ఫొటో పలకలున్నాయని చెప్పగానే దాన్ని వరండాలో దూరంగా పెట్టించి లోపలికి పిలిచాడు.

“సాముయేలు అయ్యకు ఏమైంది, డాక్టర్ సాబ్?”

“ఊపిరితిత్తిల రాచపుండు. ఆ వయసుల కోతకు ఒళ్లు ఓర్వది. రేడియం సూదులొక్కటే దారి. పెట్టిన. నెత్తురు ఆగింది, ఆకలి పుట్టింది. నేను గూడ మురిసిపోయిన.” తొడుగుల వేళ్లు ఒకదానితో ఒకటి నలుపుకున్నాడు. “కాని చదువుకున్నది వేరు, డెబ్బై ఏండ్ల ఒంట్ల చూసింది వేరు. పెట్టినప్పుడు ఏం గాదు. తీసినంక నెలలకు బయటపడ్తది. గొంతు మింగనియ్యది. దమ్ము ఆడది. ఎముక సుద్దముక్క అయితది. ఒకాయనకు నవ్వితే పక్కటెముక ఇరిగింది.”

“దగ్గితే?”

“దగ్గితే ఇరగదా మరి?”

అమీను సాక్ష్యంలో ఒకటి పోయింది. “తోలు కాల్తదా?” అని అడిగాను.

ఆయన ఒక తొడుగు తీశాడు. వేళ్ల చివర్లు ఎండి, పగిలి, గోళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. చూపుడు వేలికి చివరి కణుపు లేదు. “నిప్పు వాత అప్పుడే లేస్తది. దీని వాత దినాలు గడిచినంక లేస్తది. తాకినప్పుడు సల్లగనే ఉంటది. బట్ట కాలది, లోపల మనిషి కాల్తడు.”

“సాముయేలు అయ్య రొమ్ము మీద అరచేయంత రంధ్రం ఉండె. ఎముక దాక.”

“ఉండది.” డాక్టరు కుర్చీలోంచి సగం లేచాడు. “నేను పెట్టిన దానికి గంత పుండు పడది. ఎర్రబడ్తది, పొక్కు లేస్తది, మానుతది. నేను లెక్క తప్పలే.”

“మీ దగ్గర రేడియం సూదులెన్ని?”

“ఉండవలసినన్ని ఉన్నయి.”

“నేనడిగింది ఎన్ని ఉండాలె అని గాదు సార్. ఎన్ని ఉన్నయి అని.”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తోటను చూస్తూనే అన్నాడు. “ఒకటి లేదు. శ్రమ దినాలకు ముందల పోయింది. ఊడ్సిన చెత్తల పోయిందనుకున్న. ఫొటో పలకలు తెచ్చి పెంటకుప్ప మీద, బట్టలుతికే కాడ, మోరి కాడ అంతట పెట్టి చూసిన. రేడియం దగ్గర ఉంటే నల్ల కాయిదంల చుట్టిన పలక గూడ నల్లబడ్తది. ఒక్కటి నల్లబడలే.”

“పోలీసుకు చెప్పలేదు.”

“లేదు.”

“రోగులను అడుగలేదు.”

“సాముయేలు అయ్య నాకు అక్షరాలు నేర్పిన మనిషి. ఆయన్ని ఏ నోటితో అడుగుత? ఇంకొన్ని దినాలు పెట్టు నాయినా అని రెండుసార్లు బతిమాలిండు. మోతాదు అయిపోయింది, ఇంక పెడితే మందే మింగుతది అన్న. సరేనని లేచి, పక్కన కూసున్నోళ్లకు గూడ ఇది తగుల్తదా అని అడిగిండు. తగుల్తది, ఆ బావి అంత దూరం ఉంటే ఫికర్ లేదు అన్న. ఆయన బావి దిక్కు శానసేపు చూసిండు.”

నాకు ఒళ్లు మండింది. “మీ పరువుకు భయపడి మీరు నోరు మూసుకున్నరు. అక్కడ ఒక ఆడమనిషి ఉరి దాక పోయింది. ఏది, అట్లాంటి సూది ఒకటి చూపియ్యుండ్రి.”

సీసం పెట్టె మూత తీసి, పొడుగు పట్టకారుతో ఒకటి పైకెత్తి, దూరం నుంచే చూపించాడు. వేలి కణుపంత పొడుగున్న సన్నటి గొట్టం, వెండిలా మెరుస్తోంది. ఒక చివర బెజ్జం. బెజ్జంలో దారం.

పట్టీలోంచి లాగడానికి పెట్టిన దారమని డాక్టరు చెబుతున్నాడు. నేను వినడం లేదు. సంతలో ఎవరి చేతికిచ్చినా దాన్ని తాయెత్తు అనే అంటారు. జీవితమంతా జనం మెడల్లో తాయెత్తులు తెంపిన మనిషి మెడలో అది కనబడితే, కన్నకూతురు ఏం చేస్తుంది? అందరినీ బయటికి పంపి గడియ వేస్తుంది.

“మీ దగ్గర పలకలు కడిగే మందు ఉన్నదా?” అని అడిగాను.

నిన్నటి ఫొటోలు శుభ్రంగా వచ్చాయంటే నిన్న నేను తిరిగిన గుడిసెలోనూ, సమాధి దగ్గరా అది లేదన్నమాట. ఈరోజు సంచిలో ఉన్నది విప్పని డబ్బా. కెమెరాలో పెట్టనే లేదు. వరండా నుంచి తెప్పించి, ఆయన చీకటి కొట్టులో ఎర్ర దీపం కింద మొదటి పలకను మందులో వేశాం.

వెలుగు సోకని పలక తెల్లగా ఉండాలి. అది చూస్తుండగానే నల్లబడింది. నల్లటి పలక మధ్యలో తెల్లగా ఒక ఆకారం తేలింది. నాలుగు మూలలు, మధ్యలో ముల్లు. నా సంచి బక్కిలు.

“బక్కిలు దిక్కు నుంచి తగిలింది,” అన్నాడు డాక్టరు. “సంచి ఎవరి దగ్గర పెట్టిండ్రు?”

ఆమె సంచిని ఒళ్లోకి తీసుకున్న తీరు, బక్కిలును ఆనించుకున్న చోటు నాకు కళ్లకు కట్టినట్టుంది. “మోటరు తియ్యుండ్రి. సీసం పెట్టె, పట్టకారు గూడ తేండ్రి,” అన్నాను.

ఆపదకని దాచుకున్న పెట్రోలంతా పోసి కారు తీశాడు.

పొద్దు వాలే వేళకు ఠాణా చేరాం. యూసుఫ్ అలీ మెట్ల మీదే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“జర ఆలస్యం చేసిండ్రు సాబ్. ఒప్పుకున్నది.”

“ఏం ఒప్పుకున్నది?”

“నేనే సంపిన అన్నది. వేలిముద్ర గూడ పెట్టింది. ఖసం, నేను దెబ్బ గూడ కొట్టలే. మీరు పోయినంక కొద్దిసేపటికి తనంతట తానే పిలిచి చెప్పింది. ఒక్కటే అడిగింది. ఇంక ఆ పట్నం సారు నన్నేం అడుగొద్దు అని.”

తెలివితేటలు చూపించుకుంటూ నేను అడిగిన ఆ ఒక్క ప్రశ్నే ఆమెను ఉరికంబం దగ్గరికి తోసింది. నేను దారం దాకా వచ్చాను, రేపు తాయెత్తు దాకా వస్తాను, ఊరు మొత్తానికి తెలుస్తుంది. అంతకంటే తాను హంతకురాలైతేనే నయమనుకుంది.

“ఆమె అబద్ధం చెప్పింది, అమీన్ సాబ్.”

“ఉరికి పోయేటందుకు ఎవరన్న అబద్ధం చెప్తరా?”

“ఆమె చెప్తది. నా తోని లోపలికి రాండ్రి. నిలవడి ఇనుండ్రి. నా మాట తప్పయితే రేపటి సంది మీ సరిహద్దుల నా మొఖం కనబడది.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పక్కకు జరిగి, మా వెనకే లోపలికి వచ్చాడు.

ప్రేమమ్మ గోడకు చేరగిలి కూర్చొని ఉంది. నన్ను చూడగానే మోకాళ్లు దగ్గరికి ముడుచుకుంది. నేను బావి అంత దూరంలో నిలబడలేదు. ఎదురుగానే కూర్చున్నాను. డాక్టరు నా భుజం పట్టి వెనక్కి లాగబోయాడు, విడిపించుకున్నాను.

“అమ్మా, బాపు మెడల నీకు దొరికింది తాయెత్తు గాదు.”

ఆమె చెయ్యి కొంగు మీదికి పోయి, రొమ్ము దగ్గర ఆగింది.

“సాలోమోను డాక్టర్ ది. మైనం పట్టీల పెట్టింది గదే. మందు. బాపు ఏ దయ్యానికి మొక్కలేదు, ఎవలి దారం కట్టించుకోలేదు.”

“తాయెత్తు గాదా?” డాక్టరు వైపు తిరిగింది. “అయ్యా, నువ్వు చెప్పు. గాదా?”

“గాదు తల్లీ. నాది. నా మందు.”

చేతులతో మొహం కప్పుకుంది. అప్పటిదాకా ఎండిపోయి ఉన్న కళ్లు ఒక్కసారిగా కారాయి. “అమ్మయ్య,” అంది. “అమ్మయ్య, నా బాపు. నేను ఏమేమో అనుకున్న నా బాపును. పాపిష్టిదాన్ని.” ఏడుస్తూనే నవ్వింది. అలాంటి నవ్వు ఠాణాలో నేనెప్పుడూ చూడలేదు.

మిగతాది చెప్పకుండా వదిలేయాలనిపించింది. కానీ వీలులేదు. “డాక్టర్ ను అడుగకుండ తీసుకున్నడు అమ్మా. బతుకు మీద ఆశ. ఇంకొన్ని దినాలు పెట్టుకుంటే గడ్డ కరుగుతది అనుకున్నడు. దాన్ని మెడకు కట్టుకుంటే పక్కనున్నోళ్లకు గూడ ఇసం తగుల్తదని ఆయనకు తెలుసు. అందుకే ఇల్లు ఇడిచిండు. అందుకే నిన్ను బండ దాటి రానియ్యలే. కోపం గాదు.”

నవ్వు ఆగిపోయింది. వేళ్లు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. తుమ్మచెట్టు దగ్గర నిలబడి కేకలేసిన రోజులన్నీ ఆమె ఒక్కొక్కటిగా తిరగేసుకుంటోందని అర్థమైంది.

“అది ఎక్కడున్నది?” అని అడిగాను.

“పారేద్దామని తీసిన,” అంది మెల్లగా. “బొంద పెట్టి వచ్చినంక ఇల్లు ఎవ్వరు లేక బొర్రబొర్ర అన్నది. బాపు ఒంటి మీద ఉన్న వస్తువు గదా, పారేయబుద్ధి గాలే. తప్పని తెల్సి గూడ… దగ్గర పెట్టుకుంటే బాపు ఉన్నట్టే ఉండె.”

మేం ముగ్గురం గోడ వైపు తిరిగాం. బట్ట రాపిడి వినబడింది. నేల మీద గుడ్డ పేలిక పడింది, పేలికలో నల్లదారం. డాక్టరు పట్టకారుతో ఎత్తి పెట్టెలో వేసి, సీసం మూత బిగించాడు.

“నేను చూడాలె తల్లీ,” అన్నాడు.

ఆమె కొంగు జరిపి జాకెట్టు అంచు కొంచెం పక్కకు తీసింది. రొమ్ముకు పైన, కుడి వైపు, అరచేయంత మేర చర్మం ఎర్రగా కంది, మధ్యలో నీరు పట్టి ఉంది. సమాధిలోంచి తీసిన శవాన్ని కళ్లారా చూసినవాడు మాలో అమీను ఒక్కడే. ఆయన ఒక్క చూపు చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వేలిముద్ర కాయితం గురించి ఇంక మాట్లాడలేదు.

“మంట ఎప్పటి సంది ఉన్నది అమ్మా?” అని అడిగాను.

“మూడు దినాల సంది,” అంది ప్రేమమ్మ. “బాపు మీది రంది అనుకున్న.”